బడి పిల్లలకు, కాలేజీ పిల్లలకు టీకాలు: కార్డు ఒకసారి తీసి చూడండి



వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజుల్లో మా ఓ.పి. దగ్గర ఒక ప్రత్యేకమైన వరుస కనబడుతుంది. వీరు జబ్బు చేసి వచ్చినవారు కారు. కొందరి చేతిలో ఇంగ్లీషు మీడియం బడి అడ్మిషన్ ఫారం ఉంటుంది. కొందరి చేతిలో నర్సింగ్ స్కూలు వారిచ్చిన కాగితం ఉంటుంది. ఈ మధ్య అమెరికా యూనివర్సిటీ పంపిన నాలుగు పేజీల పత్రం పట్టుకొని వచ్చేవారు కూడా ఎక్కువయ్యారు. అందరూ అడిగేది ఒకటే: "సిస్టరమ్మా, టీకాలన్నీ వేయించినట్టు ఒక సర్టిఫికెట్ ఇప్పించండి."

సర్టిఫికెట్ ఇవ్వడం డాక్టరుగారికి రెండు నిమిషాల పని. కానీ మేము ముందుగా "పిల్లవాడి టీకా కార్డు తెచ్చారా?" అని అడుగుతాము. చాలామంది దగ్గర ఉండదు. ఉన్నవారి కార్డులో కూడా ఏడాదిన్నర వయసు వరకు గడులన్నీ నిండి, ఆ తరువాతి గడులు ఖాళీగా ఉంటాయి. చంటిబిడ్డప్పుడు ఎంతో శ్రద్ధగా తిప్పిన తల్లులే, బిడ్డ నడవడం, మాటలాడడం మొదలుపెట్టాక టీకాల పని అయిపోయిందనుకుంటున్నారు. అయిపోలేదు. బడి వయసులో ఇంకా మూడు సార్లు టీకా ఉంది. ఈ సంచికలో ఆ విషయాలు వరుసగా నేర్చుకుందాము.

టీకా లేకపోతే బడిలో చేర్చుకోరా?

ఈ భయం చాలామందికి ఉంది గనుక ముందుగా దీనికి జవాబు చెబుతాము. మన దేశంలో టీకా వేయించని బిడ్డను బడిలో చేర్చుకోకూడదు అనే కేంద్ర చట్టం ఏదీ లేదు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువు హక్కు ఇచ్చింది. వయసు రుజువు కాగితం లేదన్న కారణంతో కూడా బిడ్డను వెనక్కు పంపకూడదని ఆ చట్టంలో ఉంది. కాబట్టి కార్డు పోయిందని ఎవరూ బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టవద్దు.

పూర్వం ఇలా ఉండేది కాదు. మశూచి రోజుల్లో, 1880 లోనే, ఇంగ్లీషు వారి ప్రభుత్వం టీకా చట్టం తెచ్చింది. చట్టం అమలైన పట్టణాల్లో పిల్లలకు టీకా వేయించకపోతే జరిమానా పడేది. మన ఇళ్లలో పెద్దవారి చేతి మీద గుండ్రని మచ్చలు ఉంటాయి చూడండి, అవి మశూచి టీకా గుర్తులు. 1977 లో మన దేశంలో, 1980 లో లోకమంతటా మశూచి లేదని ప్రకటించారు. ఆ టీకా అవసరం తీరిపోయింది. ఇప్పటి పిల్లల ఎడమ చేతి మీద ఉండే చిన్న మచ్చ క్షయకు వేసే బి.సి.జి. మచ్చ. రెండూ ఒకటి కాదు.

కోవిడ్ సమయంలో వచ్చిన ఒక కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని తీర్పు చెప్పింది. అదే తీర్పులో, ప్రజల ఆరోగ్యం నిమిత్తం ప్రభుత్వం సమంజసమైన షరతులు పెట్టవచ్చునని కూడా చెప్పింది.

మరి ప్రైవేటు బడులు కార్డు ఎందుకు అడుగుతున్నాయి? ఒకే గదిలో నలభై మంది పిల్లలు కూర్చుంటారు గనుక. అలా అడగడం మంచిదే. చట్టం బలవంతం చేయడం లేదు గనుక మానేయవచ్చు అని అనుకోవద్దు. జబ్బుకు చట్టం తెలియదు.

బడి వయసులో వేయవలసిన టీకాలు

ప్రభుత్వ పట్టిక ప్రకారం ఈ మూడు వయసులను గుర్తుపెట్టుకోండి.

మొదటిది, 5 నుంచి 6 ఏళ్లు: డీ.పీ.టీ. రెండవ బూస్టరు. అంటే బిడ్డ ఒకటో తరగతిలో చేరే వయసు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం అనే మూడు జబ్బులకు ఇది రక్షణ.

రెండవది, 10 ఏళ్లు: టీ.డీ. సూది. సుమారుగా ఐదో తరగతి.

మూడవది, 16 ఏళ్లు: మరల టీ.డీ. సూది. పదో తరగతి అయి ఇంటర్మీడియట్‌లోగాని, ఎచ్చెర్ల దగ్గరి ట్రిపుల్ ఐటీలోగాని చేరే వయసు.

ఇంతకు ముందు 10, 16 ఏళ్లకు టీ.టీ. వేసేవారు. అది ధనుర్వాతానికి మాత్రమే. ఇప్పుడు దాని స్థానంలో టీ.డీ. వచ్చింది. ఇది ధనుర్వాతానికి, కంఠసర్పికి రెండింటికీ పనిచేస్తుంది. "దెబ్బ తగిలినప్పుడు టీ.టీ. వేయించాం కదా" అని చాలామంది అంటారు. ఆ పాత టీ.టీ. కంఠసర్పిని ఆపదు. అందుకే టీకా పేరు కూడా చూసుకోవాలి.

ఈ మూడూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మన రాష్ట్రంలో బుధవారం, శనివారం టీకా రోజులు. మీ సచివాలయం ఏ.ఎన్.ఎం. గారినిగాని, ఆశా కార్యకర్తనుగాని అడిగితే ఎక్కడ, ఏ వేళకు అన్నది చెబుతారు.

చిన్నప్పుడు వేయించాం కదా, మరల ఎందుకు?

ఈ ప్రశ్న మేము రోజూ వింటాము. "గుంటడు బడికెల్లిపోతన్నాడు, ఇంకా ఇంజెక్షనేటి సిస్టరమ్మా?" అని నవ్వుతూ అడుగుతారు.

టీకా వేసినప్పుడు శరీరం ఆ జబ్బును ఎదుర్కోవడం నేర్చుకుంటుంది. కొన్ని జబ్బుల విషయంలో ఆ పాఠం చాలా ఏళ్లు గుర్తుంటుంది. కంఠసర్పి, ధనుర్వాతం విషయంలో మెల్లగా మరచిపోతుంది. మరచిపోయే వేళకు ఒకసారి గుర్తుచేయడమే బూస్టరు. బడిలో ఎక్కాలు మరల మరల చెప్పించినట్టే ఇదీను.

కొన్నేళ్ల క్రితం మా వార్డుకు ఆరో తరగతి చదివే ఒక బాబును తెచ్చారు. హాస్టలులో ఉండి చదువుకుంటున్నాడు. నాలుగు రోజులుగా గొంతు నొప్పి, కొద్దిపాటి జ్వరం. మందుల షాపులో మాత్రలు కొని వేశారు. మా దగ్గరకు వచ్చేసరికి మెడ రెండు ప్రక్కలా ఉబ్బిపోయింది, మాట ముక్కుతో వస్తోంది. నోరు తెరిపించి లైటు వేసి చూస్తే గొంతులో బూడిద రంగు పొర, తుడిస్తే రాదు, రక్తం వస్తుంది. కంఠసర్పి. డాక్టరుగారు చూసిన వెంటనే విశాఖపట్నం పంపించారు. ఎందుకంటే దీనికి యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు. ఆ క్రిమి విడిచే విషానికి విరుగుడు సీరం వేయాలి, అది పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది. ఆలస్యమైతే ఆ విషం గుండెకు, నరాలకు పడుతుంది. గొంతు నయమైన తరువాత కూడా గుండె ఆగి బిడ్డ పోవచ్చు.

ఆ బాబు బ్రతికాడు. కానీ చాలా రోజులు మంచం దిగకుండా ఉండవలసి వచ్చింది, ఆ ఏడు చదువు పోయింది. వాళ్ల అమ్మ తరువాత కార్డు తెచ్చి చూపించింది. పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర వరకు ఒక్క టీకా కూడా తప్పలేదు. ఐదేళ్ల గడి ఖాళీ. ఆ ఏడు వాళ్లు చెన్నైలో భవనం పనికి వెళ్లారట. "ఎవులూ సెప్నేదమ్మా" అంది. ఆమె నిర్లక్ష్యం చేసిన తల్లి కాదు. ఐదేళ్లకు ఒకటి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ వ్యాసం ఆమెవంటి తల్లుల కోసమే.

హైదరాబాదులో నల్లకుంట ఫీవరు ఆసుపత్రికి, అంటే మనవారు కోరంటి ఆసుపత్రి అని పిలిచే చోటికి, కంఠసర్పి కేసులు నేటికీ వస్తున్నాయి. ఒకప్పుడు ఇది చంటిపిల్లల జబ్బు. చంటిపిల్లలకు టీకాలు బాగా అందుతున్నాయి గనుక ఇప్పుడు బూస్టరు తప్పిన బడి పిల్లల్లో ఎక్కువగా కనబడుతోంది.

వయసు దాటిపోతే ఏమి చేయాలి?

తప్పిపోయిన టీకాకు మొదటి నుంచి మరల మొదలుపెట్టనవసరం లేదు. ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు. అయితే కొన్నింటికి వయసు హద్దు ఉంది.

బి.సి.జి. ప్రభుత్వ కార్యక్రమంలో ఏడాది లోపు మాత్రమే వేస్తారు.
పోలియో చుక్కలు, తట్టు టీకా (ఎం.ఆర్.) 5 ఏళ్ల వరకు వేస్తారు.
డీ.పీ.టీ. 7 ఏళ్ల లోపు వేయాలి. 7 దాటితే డీ.పీ.టీ. వేయరు, దాని బదులు టీ.డీ. వేస్తారు.

కాబట్టి మీ బిడ్డకు ఆరేళ్లు నిండి ఐదేళ్ల టీకా పడలేదంటే ఇంకా సమయం ఉంది, ఈ వారమే తీసుకువెళ్లండి. ఎనిమిదో తొమ్మిదో ఉంటే భయపడవద్దు, డాక్టరుగారితో మాట్లాడి టీ.డీ. వేయించండి. చిన్నప్పుడు ఒక్కటీ వేయించని బిడ్డ అయితే ఎడం ఎడంగా మూడు మోతాదులు అవసరం పడతాయి. ఆలస్యమైనందుకు ఎవరూ మిమ్మల్ని తిట్టరు. తిడతారనే భయంతో రాకపోవడమే అసలు నష్టం.

తట్టు, రుబెల్లా: 2017 సంవత్సరం గుర్తుందా?

తట్టును మన ప్రాంతంలో చాలామంది అమ్మవారు పోసింది అంటారు. వేపాకు పరిచి, ఇంట్లో పోపు పెట్టకుండా, బిడ్డను ఆసుపత్రికి తేకుండా ఉంచుతారు. ఇంటి పద్ధతులు మీ ఇష్టం, కానీ డాక్టరుకు చూపించకుండా ఉండవద్దు. తట్టు వల్ల న్యుమోనియా, విరేచనాలు, చెవిలో చీము వస్తాయి, కంటి చూపు కూడా పోవచ్చు. తట్టు వచ్చిన బిడ్డకు విటమిన్ ఏ మందు రెండు రోజులు వేస్తే చాలా ప్రమాదాలు తగ్గుతాయి.

తట్టు అన్నిటికన్నా వేగంగా అంటుకునే జబ్బుల్లో ఒకటి. రక్షణ లేని పదిమంది రోగి దగ్గర ఉంటే తొమ్మిదిమంది వరకు అంటుకుంటుంది. అందుకే నూటికి 95 మందికి రెండు మోతాదులు పడితేగాని ఊరు క్షేమంగా ఉండదు. 2025 లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో టీకా మానేసిన కుటుంబాల మధ్య తట్టు మొదలై 762 మందికి సోకింది. బడి వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు. ఇద్దరికీ టీకా లేదు. అంత ధనిక దేశంలో, అన్ని మందులున్న చోట ఇది జరిగింది.

రుబెల్లా చూడడానికి చిన్న జబ్బు. ఒంటి మీద దద్దు, కొంచెం జ్వరం, మూడు రోజుల్లో పోతుంది. కానీ గర్భిణికి మొదటి నెలల్లో వస్తే పుట్టే బిడ్డకు చెవుడు, కంటి శుక్లం, గుండె లోపం వస్తాయి. ఈ రోజు ఆడపిల్లకు వేసే టీకా రేపటి ఆమె బిడ్డను కాపాడుతుంది.

2017 ఆగస్టులో మన రాష్ట్రమంతటా 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఎం.ఆర్. టీకా వేశారు. వేలి మీద గుర్తు పెట్టి, చిన్న కార్డు ఇచ్చారు. ఆనాటి ఆ పిల్లలే ఈనాటి కాలేజీ విద్యార్థులు. ఆ చిన్న కార్డు మీ ట్రంకుపెట్టెలో ఎక్కడైనా ఉంటే జాగ్రత్త చేయండి. దానితో పని పడుతుంది, క్రింద చెబుతాము.

హాస్టలు పిల్లల విషయం

సీతంపేట, పార్వతీపురం కొండ ప్రాంతాల నుంచి, సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి ఎంతోమంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదువుకుంటున్నారు. హాస్టలులో ఒకరికి వచ్చిన జబ్బు అందరిదీ అవుతుంది. 2025 అక్టోబరు నాటికి పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వ్యాపించి పదుల సంఖ్యలో బాలికలను ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. ఇద్దరు బాలికలు మరణించారు. ఆ వార్త విన్నప్పుడు ఈ రెండు జిల్లాల్లో బిడ్డను హాస్టలులో ఉంచిన ప్రతి తల్లికీ గుండె జారింది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. పచ్చకామెర్లు చాలా రకాలు. హెపటైటిస్ ఏ అనేది మురికి నీరు, ఆహారం వల్ల వస్తుంది. హెపటైటిస్ బీ రక్తం వల్ల, వాడిన సూదుల వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ప్రభుత్వ పట్టికలో చంటిపిల్లలకు వేసేది బీ టీకా. అది ఏ రకాన్ని ఆపదు. ఏ రకానికి, టైఫాయిడ్‌కు వేరే టీకాలు ఉన్నాయి. ఇవి ప్రభుత్వ పట్టికలో లేవు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. స్తోమత ఉన్నవారు హాస్టలుకు పంపేముందు డాక్టరును అడిగి వేయించండి. స్తోమత లేనివారు దిగులు పడవద్దు. కాచి చల్లార్చిన నీరు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక సబ్బుతో చేతులు కడగడం, ఈ రెండూ ఆ జబ్బులను చాలావరకు ఆపుతాయి. హాస్టలుకు వెళ్లినప్పుడు మంచినీటి ట్యాంకు ఎప్పుడు కడిగారని అడగండి. అడగడం మీ హక్కు.

సంతకం ఎవరు పెట్టాలి?

బడిలో టీకా వేసేటప్పుడు తల్లిదండ్రులకు ముందుగా చెప్పాలి. ఇది ఎందుకు చెబుతున్నామంటే మన తెలుగు నేలపైనే ఒక పాఠం ఉంది. 2009 లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార కేన్సరును ఆపే హెచ్.పి.వి. టీకాను ఒక పరిశీలన కార్యక్రమంగా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. కొందరు బాలికలు చనిపోయారని ఆందోళన లేచి 2010 ఏప్రిల్‌లో దానిని ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రుల అనుమతికి బదులుగా హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారన్న సంగతి బయటపడింది. 2013 లో పార్లమెంటు కమిటీ కూడా దీనిని తీవ్రంగా తప్పు పట్టింది.

దీనినుంచి నేర్చుకోవలసినది "టీకా వద్దు" అని కాదు. "నా బిడ్డకు ఏమి వేస్తున్నారో నాకు చెప్పి వేయండి" అని. మంచి టీకా అయినా చెప్పకుండా వేస్తే అనుమానం పుడుతుంది, ఆ అనుమానం తరువాత పది మంచి టీకాలను ఆపుతుంది. బడి నుంచి కాగితం వస్తే చదివించుకొని, సందేహం ఉంటే ఏ.ఎన్.ఎం. గారినిగాని మమ్మల్నిగాని అడిగి, మీరే సంతకం పెట్టండి.

హెచ్.పి.వి. టీకా 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే బాగా పనిచేస్తుంది. ఈ వయసులో ఒక్క మోతాదు కూడా రక్షణ ఇస్తుందని 2022 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన స్త్రీలను బలిగొంటున్న కేన్సర్లలో ఇది ముఖ్యమైనది. మా వార్డులో ఆ కేన్సరు ముదిరిపోయాక వచ్చిన తల్లులను చూస్తూనే ఉంటాము. ఆడపిల్లలున్నవారు దీని గురించి తప్పక అడిగి తెలుసుకోండి.

నర్సింగ్, వైద్య విద్యార్థులకు

మన ప్రాంతంలో ఎందరో పిల్లలు నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ చదువులకు వెళుతున్నారు. 2023 లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. ఈ చదువుల్లో చేరేవారు హెపటైటిస్ బీ టీకా మూడు మోతాదులు వేయించుకొని ఉండాలి. మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. చివరిది వేసిన ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించి రక్షణ వచ్చిందో లేదో చూడాలి. ఆ లెక్క 10 గాని అంతకు మించిగాని ఉంటే చాలు.

చేరిన తరువాత చూసుకుందాములే అనుకోవద్దు. వార్డులోకి వచ్చిన మొదటి నెలల్లోనే చేతికి సూది గుచ్చుకోవడం ఎక్కువ. చేయి తిరగని రోజులు గదా. రోగికి హెపటైటిస్ బీ ఉంటే, రక్షణ లేని విద్యార్థికి అలా ఒక్కసారి గుచ్చుకున్నా సోకే ప్రమాదం ఉంది. మూడు మోతాదులకు ఆరు నెలలు పడుతుంది గనుక ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలోనే మొదలుపెట్టడం తెలివైన పని.

విదేశాలకు చదువుకు వెళ్లేవారికి

అమెరికాలో చట్టాలు రాష్ట్రానికొక తీరు. చాలా యూనివర్సిటీలు తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకు కలిపి వేసే ఎం.ఎం.ఆర్. టీకా రెండు మోతాదుల రుజువు అడుగుతాయి. రుజువు లేకపోతే క్లాసులకు నమోదు ఆపుతారు. ఇక్కడే మన పిల్లలు మూడు చోట్ల చిక్కుకుంటున్నారు.

ఒకటి, 2017 లో బడిలో వేసినది ఎం.ఆర్. మాత్రమే. అందులో గవదబిళ్ళల టీకా లేదు.

రెండు, మన దేశంలో 9 నెలలకు వేసే తట్టు టీకా అక్కడ లెక్కలోకి రాదు. మొదటి పుట్టినరోజు తరువాత వేసినదే లెక్క.

మూడు, రెండు మోతాదుల మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. టిక్కెట్టు వచ్చే వారం పెట్టుకొని మా దగ్గరకు వస్తే మేమూ ఏమీ చేయలేము. వీసా ప్రయత్నం మొదలుపెట్టినప్పుడే టీకా పని కూడా మొదలుపెట్టండి.

మన తెలుగు పిల్లలు ఎక్కువగా వెళ్లే టెక్సాస్‌లో, 22 ఏళ్ల లోపు చేరేవారు మెనింజైటిస్ టీకా కూడా వేయించుకోవాలి. గత 5 ఏళ్లలోపు వేసినదై ఉండాలి, క్లాసులు మొదలయ్యే రోజుకు కనీసం 10 రోజుల ముందు పడి ఉండాలి. న్యూయార్క్ రాష్ట్రంలో తట్టుకు రెండు మోతాదులు, గవదబిళ్ళలకు, రుబెల్లాకు ఒక్కొక్కటి చట్టం. ఇంగ్లండుకు ఆరు నెలలకు మించి వెళ్లేవారు ఆ ప్రభుత్వం ఆమోదించిన కేంద్రంలోనే క్షయ పరీక్ష చేయించుకోవాలి. అక్కడ ఎక్స్‌రే తీస్తారు.

క్షయ పరీక్ష గురించి ఒక మాట. చిన్నప్పుడు బి.సి.జి. వేసినవారికి చర్మం మీద చేసే పరీక్ష ఉబ్బి, క్షయ ఉన్నట్టు చూపవచ్చు. కంగారు పడవద్దు, అలాంటప్పుడు రక్తపరీక్ష చేయమని అడగండి. అలాగే ఎం.ఎం.ఆర్. వేయించుకున్న తరువాత నాలుగు వారాల లోపు చర్మ పరీక్ష చేస్తే ఫలితం సరిగా రాకపోవచ్చు. రెండూ ఒకే రోజు చేయించండి, లేదా నెల ఆగండి.

పెళ్లై భర్తతో వెళ్లే అమ్మాయిలు గర్భవతిగా ఉంటే ఎం.ఎం.ఆర్. వేయించుకోకూడదు. వేయించుకున్నవారు ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. సిగ్గుపడకుండా సిస్టరుతో ముందే చెప్పండి.

కార్డు పోతే?

మన జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు వలస వెళుతున్నాయి. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వరకు వెళుతున్నారు. కూలి పనులకు హైదరాబాదు, చెన్నై వెళ్లేవారున్నారు. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వారు కాన్పుకు, టీకాలకు ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వెళ్లడం కూడా ఉంది. ఏ రాష్ట్రంలో వేయించినా టీకా టీకాయే. కార్డు ఒడియాలో ఉన్నా, తమిళంలో ఉన్నా పారేయవద్దు. తేదీలు, టీకా పేర్లు చూసి మేము గుర్తుపట్టగలము.

కార్డు పోయినవారు బిడ్డ పుట్టిన ఆసుపత్రిలోగాని, ఆ ఊరి ఏ.ఎన్.ఎం. రిజిస్టరులోగాని అడగండి. ఈ మధ్య పుట్టిన పిల్లల వివరాలు యూ-విన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో కూడా ఎక్కుతున్నాయి. అందుకు వేయించేటప్పుడు ఫోను నంబరు సరిగా చెప్పండి. ఎక్కడా దొరకకపోతే, వయసుకు తగినట్టు టీకా మరల వేయవచ్చు. బాగా గుర్తుంది అని నోటితో చెప్పినదాన్ని బట్టి మేము సర్టిఫికెట్ రాయము. అది బిడ్డకే మోసం.

మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్నలు

ప్రశ్న: జలుబుగా ఉంది, టీకా వేయవచ్చా?
జవాబు: మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి విరేచనాలు ఉన్నా వేయవచ్చు. ఎక్కువ జ్వరం ఉంటే తగ్గాక వేస్తాము.

ప్రశ్న: ఐదేళ్ల సూది వేస్తే జ్వరం వస్తుందట కదా?
జవాబు: ఒకటి రెండు రోజులు జ్వరం, చేయి నొప్పి, వాపు రావచ్చు. బిడ్డ బరువుకు తగిన పారాసెటమాల్ ఇవ్వండి, తడిగుడ్డ వేయండి. వాపు మీద మందులు, ఆకుపసర్లు రుద్దవద్దు. జ్వరం రెండు రోజులు మించినా, బిడ్డ మగతగా ఉన్నా తీసుకురండి.

ప్రశ్న: బడిలో సూది వేస్తే మా అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. టీకా పడలేదా?
జవాబు: పెద్ద పిల్లల్లో ఇది చాలావరకు భయం వల్ల, ఖాళీ కడుపు వల్ల జరుగుతుంది. తినిపించి పంపండి. వేసిన తరువాత అరగంట కూర్చోబెట్టాలి. అయితే ఒంటి నిండా దద్దు, ఆయాసం, ముఖం వాపు వస్తే అది వేరు, వెంటనే డాక్టరు చూడాలి. తరువాతి మోతాదు ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ప్రశ్న: కుక్క కరిస్తే టీ.డీ. చాలునా?
జవాబు: చాలదు. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తేవాలి. పిచ్చికుక్క కాటు టీకా వేరు, అన్ని మోతాదులూ పూర్తి చేయాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు.

ప్రశ్న: బడికి కోవిడ్ టీకా సర్టిఫికెట్ కావాలా?
జవాబు: 2022 జనవరిలో 15 ఏళ్లు దాటినవారికి, మార్చిలో 12 ఏళ్లు దాటినవారికి ఆ టీకా మొదలుపెట్టారు. బడి పిల్లల మామూలు టీకా పట్టికలో అది లేదు.

ఈ రాత్రి చేయవలసిన పని

భోజనాలయ్యాక ఇంట్లో పిల్లల కార్డులన్నీ తీసి వరుసగా పెట్టండి. ఒక కాగితం మీద ప్రతి బిడ్డ పేరు, వయసు రాయండి. దాని ప్రక్కన ఈ ప్రశ్నలకు అవును, లేదు అని రాయండి.

1. 5 ఏళ్ల డీ.పీ.టీ. బూస్టరు పడిందా?
2. తట్టు టీకా రెండు మోతాదులు పడ్డాయా?
3. 10 ఏళ్ల టీ.డీ. పడిందా?
4. 16 ఏళ్ల టీ.డీ. పడిందా?
5. నర్సింగు, వైద్య చదువులకు వెళ్లే బిడ్డకు హెపటైటిస్ బీ మూడూ అయ్యాయా?
6. కార్డుకు జిరాక్సు తీయించి, ఫోనులో ఫోటో తీసి ఉంచారా?

ఎక్కడ "లేదు" అని రాశారో ఆ కాగితం పట్టుకొని వచ్చే బుధవారమో శనివారమో మీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, లేదా మా ఆసుపత్రి పిల్లల ఓ.పి.కి రండి. చదువు రానివారు కార్డు మాత్రం తెండి, మా సిస్టర్లు చూసి చెబుతారు. మీ ప్రక్కింట్లో వలస నుంచి వచ్చిన కుటుంబం ఉంటే వారికి కూడా ఈ పత్రిక చదివి వినిపించండి.